చిట్టీ డబ్బు నాలుగు లక్షలు మొత్తం హోమ్ లోన్‌కే కట్టేయాలా? (ఇన్ టైమ్ సినిమా చూశాక మొదలైన గొడవ)

మియాపూర్ మేడ | ఆదివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇది డబ్బుల విభాగంలో పెట్టాలో సినిమాల విభాగంలో పెట్టాలో తెలియలేదు. రెండూ కలిసిపోయాయి, చదివితే మీకే అర్థమవుతుంది.

మూడేళ్ల క్రితం ఫ్లాట్ కొన్నాం. లోన్ 40 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ, నెలకి ఈఎంఐ 34,713 రూపాయలు. ఆయన సాఫ్ట్‌వేర్, నేను ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. ఈ నెలతో చిట్టీ పూర్తయి నాలుగు లక్షలు చేతికొచ్చాయి. మొత్తం లోన్‌కి కట్టేద్దామని ఆయన, కొంత ఉంచుకుందామని నేను. రెండు వారాలుగా ఇదే మాట.

నిన్న రాత్రి ఇద్దరం ఇన్ టైమ్ చూశాం. 2011లో వచ్చిన సినిమా. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. ఆ లోకంలో డబ్బు ఉండదు, కాలమే డబ్బు. అందరికీ పాతికేళ్లకి వయసు ఆగిపోతుంది, అప్పట్నుంచి చేతి మీద ఒక గడియారం వెనక్కి తిరుగుతూ ఉంటుంది. ఉచితంగా వచ్చేది ఒక్క సంవత్సరమే. ఆ తర్వాత పనిచేసి సంపాదించుకోవాలి. జీతం గంటల్లో, కాఫీ నిమిషాల్లో. సున్నా వచ్చిందంటే ప్రాణం పోతుంది.

హీరో తల్లి ఆ రోజు అప్పు కట్టేస్తుంది. కట్టాక చేతిలో గంటన్నర మిగులుతుంది. బస్సు ఛార్జీ గంటే కదా, దిగేచోట కొడుకు ఉంటాడు, వాడు ఇస్తాడని ధైర్యం. బస్సెక్కితే డ్రైవర్ ఛార్జీ రెండు గంటలైందంటాడు. నడిస్తే రెండు గంటల దారి. పరుగు మొదలుపెడుతుంది. కొడుకు ఎదురొచ్చి పట్టుకునే లోపే చేతి మీద సున్నాలు.

మా ఆయన వెంటనే, "ఇక్కడ కథ తేలిపోయింది. బుద్ధున్నవాళ్లెవరైనా చేతిలో గంటన్నర ఉంచుకుని ఉన్నదంతా అప్పుకి కట్టేస్తారా?" అన్నారు. నేనేం మాట్లాడలేదు. ఈ రోజు పొద్దున్న కాఫీ ఇద్దామని వెళ్తే ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరిచి నాలుగు లక్షలు కొడుతున్నారు. మా సేవింగ్స్ ఖాతాలో ఇంకా ఉన్నది అరవై వేలు.

"రాత్రి మీరే కదండీ ఆవిడకి బుద్ధి లేదన్నది?" అన్నాను. ఫోన్ పక్కన పెట్టేశారు, సాయంత్రం దాకా మాట్లాడలేదు. నేను తప్పుగా అన్నానా? డబ్బు సంగతి ఏం చేయమంటారు?


అప్పు వద్దు | ఆదివారం రాత్రి 11:05

అమ్మా, మొత్తం కట్టేయండి. ఇరవై ఏళ్ల లోన్‌లో మొదటి ఏళ్లలో కట్టేది ఎక్కువగా వడ్డీయే. అప్పు లేనివాడే అధిక సంపన్నుడు అని పెద్దలు ఊరికే అనలేదు. మీ వారి ఆలోచన సరైనదే. సినిమాలు చూసి ఇంటి నిర్ణయాలు తీసుకోకండి.


రీలు బండి | సోమవారం ఉదయం 7:20

మేడం, సినిమా గురించి నా మాట. ఆ సన్నివేశంలో కథ ఎక్కడా తేలిపోలేదు. బస్సు ఛార్జీ గంటేనని ఆవిడకి నిన్నటి వరకూ తెలుసు. రోజూ వెళ్లే బస్సే. ఆవిడ లెక్క నిన్నటి ధర మీద వేసుకుంది, ధర ఇవాళ మారింది. అదొక్కటే తేడా. సినిమా మొదట్లోనే కాఫీ మూడు నిమిషాల నుంచి నాలుగు నిమిషాలకి పెరిగిందని చూపిస్తారు. అది ఎందుకు పెట్టారని మొదటిసారి చూసినప్పుడు నాకూ తట్టలేదు. బస్సు దగ్గరికొచ్చేసరికి గుండె జల్లుమంది.

ఇంకో సంగతి. ఆవిడకి అప్పుడే యాభై ఏళ్లు నిండాయి. పాతికేళ్లు రోజుకింత సంపాదించుకుంటూ నెట్టుకొచ్చిన మనిషి. బుద్ధి లేని మనిషి అన్ని రోజులు బతకదు.


రిటైర్డ్ క్యాషియర్ | సోమవారం ఉదయం 9:15

అమ్మాయీ, మీ లోన్ లెక్క వేసి చూశాను. మూడేళ్లలో మీరు కట్టింది దాదాపు 12 లక్షల 50 వేలు. అసలు తగ్గింది రెండు లక్షల అరవై వేలే. ఇంకా 37 లక్షల 39 వేలు ఉండాలి, స్టేట్‌మెంట్ తీసి చూసుకోండి. మీ ఆయన బాధ ఈ అంకెలోంచే పుట్టింది, దాన్ని తీసిపారేయకండి.

ఇప్పుడు నాలుగు లక్షలు కట్టి, ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించమంటే 42 నెలలు తగ్గుతాయి. వడ్డీలో పది లక్షల పైనే మిగులుతుంది. రెండు లక్షలు కడితే 22 నెలలు. ఒక్క లక్ష కట్టినా దాదాపు 12 నెలలు. ఇంత తేడా ఎందుకంటే గడువు ఇంకా 17 ఏళ్లు ఉంది కాబట్టి. మీది ఫ్లోటింగ్ వడ్డీ (రేటు మారుతూ ఉండే) లోన్ అయితే ముందు కట్టినందుకు బ్యాంకు జరిమానా వేయడానికి లేదు. "గడువు తగ్గించండి" అని మాత్రం స్పష్టంగా రాసివ్వండి, లేదంటే ఈఎంఐ తగ్గించి ఊరుకునే అవకాశం ఉంది.

బస్సు ఛార్జీ సంగతికొస్తే అది కల్పన అనుకోవద్దు. 2022 మే 4న రిజర్వు బ్యాంకు ముందు అనుకున్న సమావేశం కాకుండానే రెపో రేటు (బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ) 4 నుంచి 4.4 శాతానికి పెంచింది. 2023 ఫిబ్రవరికి అది 6.5 అయింది. అప్పుడు చాలామందికి ఈఎంఐ మారలేదు గానీ గడువు ఏళ్లకేళ్లు సాగిపోయింది, కొందరు ఆ సంగతి తర్వాతెప్పుడో చూసుకున్నారు. అందుకే 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా గడువు పెంచుకోవాలా అన్నది ఖాతాదారుణ్ని అడగాలని చెప్పింది.

ఓవర్‌డ్రాఫ్ట్ తరహా హోమ్ లోన్ అని ఒకటుంది. మిగులు డబ్బు అందులో పెడితే అన్నాళ్లూ వడ్డీ తగ్గుతుంది, కావాల్సినప్పుడు తీసుకోవచ్చు. వడ్డీ రేటు కాస్త ఎక్కువ. మారడానికి ఖర్చెంతో మీ బ్యాంకులో అడిగి చూడండి.


కరీంనగర్ పోరడు | సోమవారం మధ్యాహ్నం 1:10

అక్కా, మీ ముచ్చటలో నడుమ నాదొకటి అడుగుతున్న, ఏమనుకోవద్దు. పెండ్లై ఎనిమిది నెలలైంది. నా జీతం ఎంతో మా ఆమెకు ఇంతవరకు చెప్పలేదు. దాచాలని కాదు. ఇంట్ల మా నాయన కూడా అమ్మకు ఎన్నడూ చెప్పలేదు, ఇంటి ఖర్చుకు ఇంత అని చేతిల పెట్టేటోడు. అట్లనే అలవాటైంది. మా ఆమె కూడా జాబ్ చేస్తది. ఆమె జీతం నేను అడగలేదు, నాది ఆమె అడగలేదు. ఇది మంచిదేనా, ముందట ముందట ఇబ్బందైతదా?


మియాపూర్ మేడ | సోమవారం రాత్రి 9:30

బాబాయ్ గారూ, ఇంత ఓపిగ్గా లెక్క వేసినందుకు చాలా థాంక్స్. స్టేట్‌మెంట్ తీశాం, మీరు చెప్పిన అంకే ఉంది.

మీ పోస్టు చదివాక నేనూ ఒక కాగితం మీద రాశాను. మా ఇల్లు నెలకి ఈఎంఐతో కలిపి 80 వేలు తింటుంది. పాలు, కూరగాయలు, మెయింటెనెన్స్, పాప స్కూలు బస్సు, అత్తయ్యగారి బీపీ మందులు అన్నీ కలిపి. అంటే రోజుకి 2,667 రూపాయలు. మేం పని చేసినా చేయకపోయినా, నిద్రపోతున్నా సరే, ఆ సినిమాలో చేతి గడియారంలాగా తగ్గుతూనే ఉంటుంది.

ఖాతాలో అరవై వేలు. అరవై వేలని 2,667తో భాగిస్తే 22. ఇద్దరి జీతాలూ ఆగితే మా ఇంటి గడియారంలో ఉన్నది 22 రోజులు. ఆ అంకె చూడగానే ఒళ్లు చల్లబడింది. నాలుగు లక్షలు కలిపితే 172 రోజులు.

ఇంకో సంగతి అప్పుడే తట్టింది. నాలుగు లక్షలూ లోన్‌కి కట్టి గడువు తగ్గించుకుంటే వచ్చే నెల ఈఎంఐ 34,713 కాస్తా 34,712 కూడా అవ్వదు. తగ్గే 42 నెలలు ఎప్పుడో పదమూడు పద్నాలుగేళ్ల తర్వాత వచ్చేవి. ఈ రోజు గడియారంలో మాత్రం అవే 22 రోజులు.

తమ్ముడూ (కరీంనగర్), నీ ప్రశ్నకి పెద్దవాళ్లు ఎవరైనా చెప్తారు. నాకు తోచింది ఒకటే, అడగకపోవడం గౌరవం కాదు నాన్నా.


లెక్క తేలాలి | సోమవారం రాత్రి 11:50

నమస్కారం. ఈ చర్చ మొదలుపెట్టిన ఆవిడ భర్తని నేనే. తనే లింక్ పంపింది, చదవమని.

ముందు సినిమా. రీలు బండి గారూ, బస్సు సన్నివేశం మీద మీ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ లోకపు లెక్క మాత్రం తేలడం లేదు. మనిషికి పాతికేళ్లకి ఒక్క సంవత్సరం వస్తుంది. కొత్తగా పుట్టే కాలం అదొక్కటే. ప్రతి మనిషి రోజుకి ఒక రోజు ఊరికే బతకడానికే ఖర్చు పెడతాడు, ఆ రోజు ఎవరి చేతికీ పోదు, మాయమైపోతుంది. మన దగ్గర నేను టీ తాగి ఇచ్చిన పది రూపాయలు టీ కొట్టతనికి వెళ్తాయి, దేశంలో డబ్బు తగ్గదు. అక్కడ తగ్గుతుంది. తలకి సగటున ఒక్క ఏడాదే వచ్చినప్పుడు, పాతికేళ్ల తర్వాత సగటున ఒక్క ఏడాదే బతకాలి. ఒకామె యాభై దాకా బతికిందంటే ఇరవై నాలుగు మంది వాటా ఆమె దగ్గరికి వచ్చుండాలి. హీరోయిన్ తండ్రి ఖజానాలో పది లక్షల ఏళ్ల క్యాప్సూల్ ఒకటి ఉంటుంది. దాని వెనక కనీసం పది లక్షల మంది పూర్తి వాటా ఉండాలి. ఇలా అయితే ఆ ఊళ్లో వీధుల్లో అంత జనం ఎలా మిగిలారు?

ఇక మా ఇంటి సంగతి. ఇది మా ఆవిడకి కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అక్క పెళ్లికి నాన్న ఊళ్లో ఒకాయన దగ్గర లక్షన్నర తెచ్చారు, మూడు రూపాయల వడ్డీకి. నెలకి నాలుగు వేల ఐదు వందలు. తొమ్మిదేళ్లు కట్టారు. నేను పెద్దయ్యాక లెక్క వేస్తే వడ్డీయే నాలుగు లక్షల ఎనభై ఆరు వేలు, అసలు అలాగే ఉంది. అప్పిచ్చినాయన ఎప్పుడూ గొడవ చేయలేదు, ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. ఆదివారం సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. మంచినీళ్లు అడిగేవాడు. నేనే చెంబుతో తెచ్చి ఇచ్చేవాణ్ని. వీధి మలుపులో ఆయన చెప్పుల చప్పుడు వినగానే, బనియన్ మీద ఉన్న నాన్న లేచి లోపలికెళ్లి చొక్కా తొడుక్కుని వచ్చేవారు. వేసవిలో కూడా. సొంత ఇంటి అరుగు మీద నాన్న అలా గుండీలన్నీ పెట్టుకుని కూర్చునేవారు.

నేను యాప్ తెరిచినప్పుడు నాకు 42 నెలలు కనపడలేదు. ఆ చొక్కా కనపడింది. అంతే చెప్పగలను.


రిటైర్డ్ క్యాషియర్ | మంగళవారం ఉదయం 6:30

బాబూ, పొద్దున్నే మీ పోస్టు చదివాను. ముప్పై నాలుగేళ్లు కౌంటర్‌లో కూర్చున్నాను, ఆ చొక్కా నాకు తెలుసు.

ఒక్క లెక్క మాత్రం చెప్పనివ్వండి. మీ నాన్నగారిది నూటికి నెలకి మూడు రూపాయలు. మీది ఏడాదికి ఎనిమిదిన్నర అంటే నెలకి డెబ్బై పైసలు. మీ 40 లక్షలకి మొదటి నెల పడిన వడ్డీ 28,333. అదే మూడు రూపాయల వడ్డీ అయితే 1,20,000. ఇది మీరు కడుతున్నకొద్దీ అసలు తగ్గే అప్పు, చేతికి రసీదు ఉన్న అప్పు. రెండింటినీ అప్పు అనే ఒక్క మాటతోనే పిలుస్తాం, చిక్కంతా అక్కడే వస్తోంది.

చేతిలో డబ్బంతా డెబ్బై పైసల అప్పుకి పోసి, రేపు ఆసుపత్రి అవసరం వస్తే క్రెడిట్ కార్డు బాకీ మీదో చేబదులు మీదో పడతాం. అప్పుడు పట్టుకునేది మళ్లీ ఆ మూడు రూపాయల వడ్డీయే. మీరు దేనికి భయపడుతున్నారో దాన్ని ఇంటికి రానివ్వకుండా ఆపేది చేతిలో ఉన్న రొక్కమే.


పొదుపు పుస్తకం | మంగళవారం మధ్యాహ్నం 2:45

మాది నెల్లూరు జిల్లా. అందరూ బస్సు సన్నివేశం గురించే మాట్లాడతన్నారు. నాకు ఆ సినిమాలో ఇంకో మనిషి గుర్తుండిపోయాడు. హీరోకి వందేళ్ల పైన కాలం దొరికాక తన స్నేహితుడికి పదేళ్లు ఇస్తాడు, స్నేహం చేసిన ఏడాదికి ఒక ఏడాది లెక్కన. అతనికి భార్య, చంటిబిడ్డ ఉంటారు. తర్వాత హీరో ఇంటికెళ్తే ఆ భార్య చెబుతుంది, తాగి తాగి చచ్చిపోయాడని. చేతి మీద ఇంకా తొమ్మిదేళ్లు ఉండగానే.

పదేళ్లు ఇంటికొచ్చాయి, ఆమె చేతికి ఒక్క రోజు రాలేదు. హీరో ఆ కాలాన్ని ఇద్దరికీ చెరిసగం ఎందుకియ్యలేదా అని నేను రాత్రంతా అనుకున్నా. సినిమా ఆ మాట దాటేసి ముందుకెళ్లిపోయింది. నాకు అది కథలో పెద్ద లోటు.

మా అమ్మావాళ్లు 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించినప్పటి సంగతులు ఇప్పటికీ చెబుతారు. అది మా జిల్లా అంతా పాకింది, తర్వాత రాష్ట్రమంతా. 1995లో మద్యనిషేధం దాకా వెళ్లింది. ఆ ఉద్యమం వెనకే మా దగ్గర పొదుపు సంఘాలు లేచాయి. రోజుకి ఒక్క రూపాయి. సారా అంగడికి పోయే డబ్బులోంచి ఒక్క రూపాయి ఆడదాని పేరు మీద ఉండాలని. మా అమ్మ పుస్తకం నా దగ్గరుంది, మొదటి పేజీలో ముప్పై రూపాయలు, దాని పక్కన వేలిముద్ర. రెండో పేజీ నుంచి సంతకం. మధ్యలో నేర్చుకుంది.

మియాపూర్ వదినా, డబ్బు ఎంత ఉంచుకోవాలన్నది మీ ఇద్దరి ఇష్టం. అది ఎవరి పేరున ఉందో మాత్రం చూసుకోండి. మా సంఘంలో లోన్ కాగితాల మీద సంతకం పెట్టి, ఆ డబ్బు ఇంట్లో దేనికి వాడారో తెలియని ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చదువుకున్న ఇళ్లలో కూడా ఉన్నారు.


రీలు బండి | మంగళవారం సాయంత్రం 5:55

నెల్లూరు అక్క చెప్పింది నేను ఎన్నడూ ఆలోచించలేదు. నాలుగుసార్లు చూశాను ఆ సినిమా.

లెక్క తేలాలి గారూ, మీ సగటు లెక్క సరిగ్గానే ఉంది. కాకపోతే దాన్ని సినిమా తప్పుగా నేను చూడను. కొందరు చావకుండా ఉండాలంటే చాలామంది చావాలి, అందుకే పేదల పేటలో ధరలు కావాలని పెంచుతారు అని ఆ కథలోనే చెబుతారు. మీరు కాగితం మీద తేల్చింది అదే మాట. వీధుల్లో అంత జనం ఎలా ఉన్నారన్నది మాత్రం నా దగ్గర జవాబు లేని ప్రశ్న, ఒప్పుకుంటాను.

మీరు మళ్లీ చూస్తే ఆ టైమ్‌కీపర్ని గమనించండి. హీరోని వెంటాడే అధికారి. ఉద్యోగం ఉంది, ఏ రోజు భత్యం ఆ రోజు చేతి మీదికి వస్తుంది. వెంటాడే ధ్యాసలో ఆ రోజు భత్యం తీసుకోవడం మరిచిపోయి అక్కడికక్కడే కూలిపోతాడు. అతనికి అప్పు లేదు, జీతం ఉంది, లేనిది వెనక ఒక్క రోజు నిల్వ.

మన కల్కి 2898 ఏడీ సినిమాలో కూడా డబ్బుకి బదులు యూనిట్లు ఉంటాయి, ఉన్నవాళ్లుండే కాంప్లెక్స్‌లోకి వెళ్లాలని హీరో భైరవ వాటి వెంట పడతాడు. కానీ అక్కడ యూనిట్లు అయిపోతే ప్రాణం పోదు. ఇన్ టైమ్‌లో భయం అంత దగ్గరగా ఉండటానికి కారణం అదే.


డల్లాస్ డైరీ | బుధవారం ఉదయం 8:00

మా టెక్సాస్‌లో చట్టం ప్రకారం పెళ్లయ్యాక ఎవరు సంపాదించినా మామూలుగా అది ఇద్దరిదీ అవుతుంది. అయినా మాకు మూడేళ్లు గొడవలే. ఇండియాకి పంపే డబ్బు దగ్గర. ఆయన వాళ్ల నాన్నగారికి పంపినప్పుడు నేను లెక్కపెట్టేదాన్ని, నేను మా అమ్మకి పంపితే ఆయన ముఖం మారేది. ఇప్పుడు నెల మొదట్లోనే ఒక మొత్తం పక్కన తీస్తాం. అందులోంచి రెండిళ్లకీ వెళ్తుంది. మా అమ్మ ఒంటరిది కాబట్టి ఈ ఏడాది అటు ఎక్కువ వెళ్తోంది, అది ఆయనే ముందుగా అన్నారు.

కరీంనగర్ తమ్ముడికి: మా పిన్నిగారి భర్త పోయినప్పుడు ఆయన ఖాతాలు ఎన్ని బ్యాంకుల్లో ఉన్నాయో ఆవిడకి తెలియదు. ఏడాదిన్నర తిరిగింది.


రిటైర్డ్ క్యాషియర్ | బుధవారం ఉదయం 10:20

డల్లాస్ అమ్మాయి చెప్పింది నేను కౌంటర్‌లో ఎన్నోసార్లు చూశాను. ట్రంకు పెట్టె అడుగున దొరికిన పాస్‌బుక్ చేతి రుమాల్లో చుట్టుకుని వస్తారు. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లిపోతాయి. వెళ్లినా హక్కు పోదు, తిరిగి అడగొచ్చు. వాటిని వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ కూడా పెట్టారు.

కరీంనగర్ బాబూ, జీతం చెప్పడం మంచిదా కాదా అని ఆలోచించే ముందు ఇది చూడు. మీ ఇద్దరి పేర్ల మీద ఒక ఖాతా తెరువు, "ఎయిదర్ ఆర్ సర్వైవర్" అని పెట్టించు. ఒకరు లేకపోయినా రెండోవారు నడుపుకోవచ్చు. పెళ్లికి ముందు ఖాతాల్లో నామినీగా ఇప్పటికీ అమ్మానాన్నల పేర్లే ఉంటాయి చాలామందికి, మార్చుకోరు. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురి దాకా నామినీలు పెట్టుకోవచ్చు, కాబట్టి అమ్మ పేరు తీసేయాల్సిన పని కూడా లేదు. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే, వారసుల హక్కు వేరు, అది గుర్తుంచుకో.

టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకునేటప్పుడు మ్యారీడ్ విమెన్స్ ప్రాపర్టీ యాక్ట్ కింద తీసుకుంటానని మొదట్లోనే చెప్పు. 1874 నాటి చట్టం. అలా తీసుకుంటే ఆ డబ్బు భార్యాబిడ్డలదే, నీ అప్పులవాళ్లు దాని మీద చెయ్యి వేయలేరు. పాలసీ తీసుకున్నాక మార్చడం కుదరదు.


అప్పు వద్దు | బుధవారం మధ్యాహ్నం 12:40

నేను మొదట రాసింది కాస్త తొందరపడి రాశాను. 22 రోజుల లెక్క నేను చూడలేదు. మా ఇంటికి కూడా వేశాను. 31 వచ్చింది.


మియాపూర్ మేడ | గురువారం రాత్రి 10:15

అందరికీ చెప్పాలి కదా, ఏం చేశామో.

సోమవారం రాత్రి ఆయన పోస్టు నేను పక్క గదిలో కూర్చుని చదివాను. ఆరేళ్ల కాపురంలో మామయ్యగారు మా ఇంటికి ఎప్పుడొచ్చినా పొద్దున్నే చొక్కా తొడుక్కుని హాల్లో కూర్చుంటారు. ఇంట్లో మనిషే కదా, ఎందుకంత మర్యాద అనుకునేదాన్ని.

నేనూ ఆయనకి చెప్పనిది ఒకటుంది, అదీ చెప్పాను. మా పెళ్లి అయిన కొత్తల్లోనే, 2020లో, అప్పుడు నేను పనిచేస్తున్న కాలేజీ నాలుగు నెలలు సగం జీతం, తర్వాత రెండు నెలలు అసలేమీ ఇవ్వలేదు. ఆయనకి సగం జీతం అనే చెప్పాను, ఆ రెండు నెలల సంగతి చెప్పలేదు. కొత్త కోడలు జీతం లేకుండా కూర్చుందన్న మాట రావడం ఇష్టం లేక. గుంటూరులో అమ్మ తన గాజులు తాకట్టు పెట్టి నా ఖాతాలో వేసింది. ఆ తాకట్టు చీటీ ఇప్పటికీ నా సర్టిఫికెట్ల ఫైలులో ఉంది. విడిపించాక కూడా పారేయలేదు. అది తీసి చూపించాను. చాలాసేపు చేతిలో పట్టుకుని ఉన్నారు. తర్వాత, "నువ్వు ఉంచుకుందాం అన్నప్పుడల్లా నాకు లెక్క రాదనుకుంటున్నావనుకున్నాను" అన్నారు.

ఈ రోజు బ్యాంకుకి ఇద్దరం వెళ్లాం. ఒక లక్ష లోన్‌కి, గడువు తగ్గించమని రాసిచ్చాం. మూడు లక్షలు ఇద్దరి పేర్ల మీద ఎఫ్‌డీ. ఇంటి గడియారంలో 135 రోజులు. 180 అయ్యేదాకా బోనస్ ఏదొచ్చినా అటే, ఆ తర్వాత వచ్చేదంతా లోన్‌కి. ఇది ఆయన మాట. ఆయన ఫ్రిజ్ మీద కాగితం అంటించి 135 అని రాశారు, కింద ఇంకో అంకె, 192. లోన్‌లో మిగిలిన నెలలు.

రీలు బండి గారూ, చివర్లో వచ్చే పరుగు సన్నివేశం మళ్లీ పెట్టుకుని చూశాం. హీరో, హీరోయిన్ ఒకరికొకరు ఎదురు పరిగెత్తుకొచ్చి చెయ్యి కలుపుతారు కదా, క్షణాల తేడాలో. తల్లి దగ్గర జరిగిందే, ఈసారి అందుతుంది. వీధుల్లో జనం ఎలా మిగిలారన్నది ఆయనకి ఇంకా తేలలేదు. రాత్రి కాగితాలు నింపుతూనే ఉన్నారు.


కరీంనగర్ పోరడు | శుక్రవారం రాత్రి 11:20

అక్కా, బాబాయ్, అందరికీ దండాలు. ఇయ్యాల అన్నం తిన్నంక శాలరీ స్లిప్ ఫోన్‌ల తెరిచి మా ఆమె చేతికిచ్చిన. ఏం చెప్పాల్నో తెల్వక ఊకనే ఇచ్చిన. చూసింది, ఏమనలే. లోపలికి పోయి హ్యాండ్‌బ్యాగుల నుంచి ఒక చిట్టీ పుస్తకం తెచ్చి నా ముంగట పెట్టింది. పెండ్లికి ముందటి నుంచి నెలకు రెండు వేలు కడుతున్నదట. ఎప్పుడు చెప్పాల్నో తెల్వక తను కూడా ఆగిందట.

నామినీ పేరు దగ్గర వాళ్ల నాయన పేరుండె. నా ఖాతాల మా అమ్మ పేరుంది. ఇద్దరి పేర్లు తీసేయొద్దు, పక్కన మనం రాసుకుందాం అన్నది. సోమవారం ఇద్దరం హాఫ్ డే లీవ్ పెట్టినం.